ఎన్ని గింజల నొప్పి?

అరకు వెళ్తున్నామని తెలియగానే ఎదురింటావిడ కాఫీపొడి తెమ్మంది. పక్కింటావిడ కొండచీపుళ్ళు తెమ్మంది. మా అమ్మాయి, అద్దాల రైలుపెట్టెలోంచి వీడియో తీసి పంపమంది. మావారు స్వెట్టరు వెతుక్కోవడంలో పడ్డారు. నేను మాత్రం అక్కయ్యకిష్టమని అరకిలో మాగాయ సీసాలో పెట్టి, ఆ సీసాకి నాలుగు పాలిథిన్ సంచులు తొడిగి బయల్దేరాను.

అక్కయ్యంటే మా పెద్దమ్మ కూతురు. ముప్పై ఏళ్ళ పైబడి నర్సు. విశాఖలో ఎన్నో ఏళ్ళు చేసి, ఇక కాస్త సుఖపడుతుందనుకునే వయసులో ఏజెన్సీకి కోరి బదిలీ చేయించుకుంది. "శిక్ష వేస్తే పంపే చోటికి సరదా పడి వెళ్తావుటే!" అని పెద్దమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. అక్కయ్య వింటేనా!

నవంబరు నెల. కొండవాలంతా వలిసె పూలు పచ్చగా పరుచుకుని ఉన్నాయి. మొదటిరోజు అందరూ చూసేవే చూశాం. రెండో రోజు మావారు చలికి దుప్పటి వదలనన్నారు. అక్కయ్య సంచి భుజాన వేసుకుని, "ఒక ముసలమ్మని చూసి రావాలి. రెండు మైళ్ళ నడక. వస్తావా?" అంది. కాఫీతోటలు చూడొచ్చు కదా అని వెంటపడ్డాను.

ముసలమ్మకి అంగిట్లో కాన్సరు. అడ్డపొగ తాగే అలవాటు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో చూసే ఉంటారు, ఆడవాళ్ళు చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటారు. ఆ సెగకి అంగిట్లో పుండు పడి కాన్సరుగా మారుతుందని డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా రాస్తూనే ఉన్నారు. ఆ రాతలు ఈ ముసలమ్మ దాకా ఎలా వస్తాయి? ఆవిడకి తెలుగే సగం సగం. ఇంట్లో మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియా. విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే చెయ్యి దాటిపోయిందన్నారట. రోగానికి మందు లేదు గానీ నొప్పికి ఉందని చెప్పి మార్ఫిన్ మాత్రలిచ్చి పంపారు.

మార్ఫిన్ అనగానే నా నడక ఆగిపోయింది. "అమ్మో, నల్లమందు కదుటే!" అన్నాను.

"నల్లమందులోంచి తీసిందే. అయితే?" అంది అక్కయ్య, ఆగకుండానే.

చూరు బాగా కిందకి దిగిన ఇల్లు. ఎర్రమట్టి పూసిన అరుగు మీద ముసలమ్మ ఎండకి కూర్చుని ఉంది. నేనింకా మూలుగులు వినాల్సి వస్తుందని గుండె చిక్కబట్టుకుని వచ్చానా, ఆవిడ తాపీగా చేటలో రాజ్మా గింజలు ఏరుతోంది! అక్కయ్య పక్కన కూలబడి, సంచిలోంచి చిన్న గుడ్డమూట తీసింది. అందులోనూ రాజ్మా గింజలే, పది. వాటిని ముసలమ్మ ముందు పోసి అరచెయ్యి చాపింది. ఆవిడ కాసేపు ఆలోచించి మూడు గింజలు తీసి ఆ చేతిలో పెట్టింది. అక్కయ్య పుస్తకంలో మూడు అని రాసుకుంది.

సంగతేమిటంటే, నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమని అడగడం నర్సుల పద్ధతి. మొదట్లో అలాగే అడిగితే, "పదా? పది రూపాయలా?" అందిట ముసలమ్మ. సరే, పిల్లలకి చూపించే నవ్వు ముఖాలూ ఏడుపు ముఖాలూ ఉన్న బొమ్మల కాగితం చూపిస్తే, "వీళ్ళకి జుట్టేదీ?" అని నవ్విందిట. చివరికి గింజలు పనికొచ్చాయి. గింజ ఒక్కటీ లేకపోతే నొప్పి లేనట్టు. పదీ పెడితే ఇక భరించలేనట్టు.

"మొదటిరోజు ఎన్ని పెట్టింది?" అనడిగాను.

"పదీ పెట్టింది. పెట్టి, ఇంకా గింజలున్నాయా అనడిగింది."

"మరి అరిచేదా?"

"ఒక్క అరుపు లేదు. గోడకేసి తిరిగి కదలకుండా పడుకునేది. నొప్పున్నవాళ్ళు అరుస్తారనుకోకు. కొందరు నవ్వుతూ కూడా మాట్లాడతారు. రాత్రి నిద్రపోయిందా, మనవడిని ఎత్తుకుందా, తల దువ్వుకుందా, ఇవి చూడాలి. అన్నిటికంటే ముందు అడగాలి. అడిగి, చెప్పింది నమ్మాలి."

ఇది లోకమంతా నర్సులు నేర్చుకునే మొదటి పాఠమేనట. లండన్లో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ మొదట నర్సు. తర్వాత చదివి డాక్టరై, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళ కోసం 1967లో ఓ ఆసుపత్రి తెరిచింది. నొప్పి వచ్చాక మందివ్వడం కాదు, అది రాకముందే వేళ ప్రకారం ఇవ్వాలని పట్టుబట్టిందావిడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో అదే మాట అన్ని దేశాలకీ చెప్పింది. నోటి ద్వారా ఇవ్వండి, గడియారం ప్రకారం ఇవ్వండి అని.

బాగానే ఉంది. గడియారం లేని ఇంట్లోనో? నాలుగు గంటలకోసారి మాత్ర వెయ్యాలంటే ముసలమ్మ కోడలు బిక్కమొహం వేసిందట. అంచేత అక్కయ్య పొద్దుని లెక్క వేసింది. పొద్దు పొడిచాక ఒకటి. కిరండోల్ పాసింజరు కూత విన్నాక ఒకటి. మధ్యాహ్నం పొద్దు చింతచెట్టు మీదకి వాలినప్పుడొకటి. పశువులు ఇంటికొచ్చాక ఒకటి. పడుకోబోయే ముందు మాత్రం రెండు, నడిరాత్రి లేపే పని లేకుండా. తీరా చూస్తే ఆ లైను మీద ఇనుప రాయి మోసుకొచ్చే గూడ్సులకి దారివ్వడానికి పాసింజరు ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుందాయె! బండి కంటే నొప్పే ముందొచ్చేదిట. దాంతో బండిని కొట్టేసి బడిగంట పెట్టింది.

"ఆదివారమో?" అన్నాను తెలివిగా.

"అప్పటికి కోడలికే తెలిసిపోయిందిలే. నాకంటే బాగా చూస్తుంది."

నిజమే. ఆ అమ్మాయి మాత్రని పొడిచేసి చెంచాడు నీళ్ళలో కలిపి, అత్తగారి తల కాస్త ఎత్తి, నోట్లో పుండు లేని పక్కకి పోసింది. తర్వాత సుఖవిరేచనం మందు పోసింది. మార్ఫిన్‌తో మొదట రెండు మూడు రోజులు మత్తుగా ఉంటుంది, వాంతి వచ్చినట్టుంటుంది, అవి సర్దుకుంటాయిట. మలబద్ధకం మాత్రం సర్దుకోదు. అందుకని మొదటి రోజు నుంచే దానికీ మందు పడాలి. ఇది మరిచిపోతే పొట్ట బిగిసి, నొప్పి మాత్రే వద్దంటారు రోగులు. బుగ్గ మీదకి తేలిన పుండు మీద అక్కయ్య ఏదో తెల్లపొడి చల్లింది. మెట్రోనిడజోల్, మనం విరేచనాలకి వేసుకునే మాత్రే. దాంతో వాసన తగ్గుతుందిట. వాసన తగ్గాకే మనవడు మళ్ళీ నాయనమ్మ పక్కలో పడుకుంటున్నాడుట.

తిరిగొచ్చేటప్పుడు చాలాసేపు నేనేం మాట్లాడలేదు. మాగాయ గురించి అక్కయ్యే ఏదో అంది. అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పని సంగతి.

2011లో మా అత్తగారు పోయారు. రొమ్ములో మొదలైన కాన్సరు వెన్నెముకలోకి పాకింది. డాక్టరుగారు అయిదు రోజులకని ముప్పై మార్ఫిన్ మాత్రలిచ్చి, అయిపోగానే మళ్ళీ రమ్మన్నారు. ఆ రోజుల్లో అవి దొరకడమే గగనం. 1985 నాటి మత్తుమందుల చట్టం కింద రకరకాల లైసెన్సులుండాలి. ఆ జంఝాటం పడలేక చాలా ఆసుపత్రులు ఆ మాత్రలే పెట్టుకునేవి కావు. 2014లో చట్టం మార్చాక కాస్త తేలికైంది. నల్లమందు ప్రభుత్వ అనుమతితో పండించే దేశం మనది, మన ముసలివాళ్ళకి మాత్రం అందదు! సరే, మా ఇంటికి అందింది కదా. నేనేం చేశానో తెలుసా? వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాను. అలవాటైపోతుందని ఒకరన్నారు. ఊపిరాగిపోతుందని ఇంకొకరన్నారు. అత్తగారు "అమ్మాయ్, ఒకటియ్యవే" అంటే, "ఇంకాసేపు ఓర్చుకోండత్తయ్యా" అనేదాన్ని. మరీ కేకలు పెట్టిన రోజున ఒకటిచ్చేదాన్ని. పంతొమ్మిది రోజులు బతికారు. బీరువాలో ఇరవై రెండు మాత్రలు మిగిలాయి.

ఆవిడ మీద నాకు కోపం లేదు. పైగా చాలా జాగ్రత్తగా చూసుకున్నానని చుట్టాలంతా నన్ను మెచ్చుకున్నారు కూడా.

అక్కయ్య తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నీకెవరూ చెప్పలేదు," అంది. కొంచెం దూరం నడిచాక, "నేనూ ఒకప్పుడు అంతే. వార్డులో ఇంకా టైం కాలేదమ్మా అని ఎంతమందికి చెప్పానో! మాకు చదువులో దీని గురించి చెప్పింది ఒక్క పూట. మత్తు మరిగిపోతారన్న భయమే మాకూనూ. తర్వాత ట్రైనింగుకి వెళ్తే తెలిసింది. మందుకి ఒళ్ళు అలవాటు పడటం వేరు, మత్తు కోసం వెంపర్లాడటం వేరు. కొద్ది మోతాదుతో మొదలెట్టి, చూసుకుంటూ పెంచితే ఊపిరికి ప్రమాదం రాదు. పెంచేది డాక్టరుగారే, నేను కాదు. కానీ ఆయన ఉండేది విశాఖలో. ఎన్ని గింజలో ఫోన్లో చెప్పేది నేనే కదా!" అంది.

కేరళలో 1993లోనే కోజికోడ్‌లో ఈ సేవ మొదలుపెట్టి, ఇరుగుపొరుగు వాళ్ళకి కూడా నేర్పించారట. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో దీనికి విడిగా విభాగమే ఉంది. ఈ కొండల్లోనైతే బస్సులాపి గంజాయి కోసం సంచులు తడుముతారు. అక్కయ్య సంచిలో ముసలమ్మ కాగితాలు ఎప్పుడూ ఉంటాయి, ఎవరైనా అడిగితే చూపించడానికి.

మర్నాడు దిగొచ్చేశాం. కాఫీపొడి తెచ్చాను, చీపుళ్ళు మరిచిపోయాను. పక్కింటావిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

సంక్రాంతి వెళ్ళాక అక్కయ్య ఫోన్ చేసింది. ముసలమ్మ తెల్లవారుజామున నిద్రలోనే పోయిందిట. ముందురోజు రెండు గింజలు పెట్టిందిట.

కర్మకాండలయ్యాక కోడలు నడుచుకుంటూ వచ్చి, మిగిలిన మాత్రలు కొంగుముడి విప్పి అక్కయ్య బల్ల మీద పోసిందిట. పుస్తకం ముందేసుకుని ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టారుట. ఎన్నుండాలో అన్నే ఉన్నాయిట.