పిచర్ల పక్షం

రెండో బేస్‌లో ఒక రన్నర్, మూడో బేస్‌లో ఒక రన్నర్. ఇంకా ఒక్క ఔటూ పడలేదు. బ్యాటర్ బంతిని కాస్త దూరంగా గాల్లోకి లేపితే చాలు, అది ఫీల్డర్ చేతిలో పడ్డా సరే, మూడో బేస్‌లో ఉన్నవాడు పరుగెత్తుకొచ్చి హోమ్‌ప్లేట్ తొక్కేస్తాడు. మనవాళ్ళు ఏం చేస్తారు? మొదటివాడు స్ట్రయికౌట్. రెండోవాడూ స్ట్రయికౌట్. మూడోవాడు నెత్తిమీదికి లేపి క్యాచ్ ఇచ్చి వస్తాడు. డగౌట్‌లో కూర్చున్న మన పిచర్ టవల్‌తో మొహం తుడుచుకుని, గ్లోవ్ తగిలించుకుని, అదే సున్నా స్కోరుతో మళ్ళీ మౌండ్ ఎక్కుతాడు. సియాటిల్ మారినర్స్ బేస్‌బాల్ జట్టు అభిమానులకు ఇది నిత్యం కనిపించేదే. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు మండుతూనే ఉంటుంది.

బెల్‌వ్యూ, రెడ్మండ్, సమామిష్ వైపు మన తెలుగువాళ్ళలోనూ ఈ జట్టు పిచ్చి పట్టినవాళ్ళు తక్కువేం లేరు. పిల్లల్ని తీసుకుని సరదాగా ఒక ఆటకి వెళ్ళినవాళ్ళు, మరుసటి ఏడాదికి రిలీఫ్ పిచర్లుండే బుల్‌పెన్‌లో ఎవరి భుజం నొప్పిగా ఉందో చెప్పే స్థాయికి వచ్చేస్తారు. ఇద్దరు కలిస్తే మాట ఇలా మొదలవుతుంది.

“ఇవాళ ఎవరు వేస్తున్నారు బావా?”

“కర్బీ.”

“అయితే పర్లేదు. కొట్టేవాడెవడన్నా ఉన్నాడా?”

అక్కణ్ణుంచి గంటసేపు బ్యాటర్ల గురించే. ఒక వర్గం స్టేడియాన్ని తిడుతుంది. టీ-మొబైల్ పార్క్ సముద్రపు పాయకి దగ్గర్లో ఉంది, ఏప్రిల్, మే నెలల చలికి రాత్రిపూట బంతి సాగదు, ఇంకోచోటైతే స్టాండ్స్‌లో పడే దెబ్బ ఇక్కడ గోడ ముందే ఆగిపోతుంది అంటారు. అందులో నిజముంది. 2013 సీజన్‌కి గోడల్నే ముందుకు జరిపించారు. రెండో వర్గం యాజమాన్యం పిసినారితనాన్ని తిడుతుంది, మంచి బ్యాటర్ల మీద డబ్బు తీయరని. మూడో వర్గం కోచ్‌లను. వాళ్ళ మొర విన్నట్టు 2024 ఆగస్టులో మేనేజర్ స్కాట్ సెర్వెయిస్‌ని తప్పించి డాన్ విల్సన్‌కి అప్పజెప్పారు. బ్యాటర్లకి పాఠాలు చెప్పడానికి హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాడు ఎడ్గార్ మార్టినెజ్‌ని పిలిచారు.

ఈ మూడు వర్గాల్లో ఎవరితోనూ నాకు పేచీ లేదు. నా బాధ వేరే. ఈ గంటసేపటి చర్చలో పిచర్ల వాటా ఒక్క ముక్క: “పిచింగ్ ఎలాగూ ఉందిగా.” ఉమ్మడి కుటుంబంలో నెలనెలా జీతం తెచ్చి ఇచ్చే పెద్దకొడుకు పరిస్థితి ఇదే. ఇస్తున్నన్నాళ్ళూ వాడి ఊసెవరూ ఎత్తరు. ఒక్క నెల ఆలస్యమైతే మాత్రం ఇంటిల్లిపాదీ వాణ్ణే నిలదీస్తారు.

“ఎలాగూ ఉంది” అనేదాని వెనక ఎంత పనుందో చూడండి. పిచర్ నిలబడే చోటునుంచి హోమ్‌ప్లేట్‌కి అరవై అడుగుల ఆరంగుళాలు. బంతి ఆ దూరం దాటడానికి అర సెకను కూడా పట్టదు. ప్లేట్ వెడల్పు పదిహేడు అంగుళాలు. బ్యాటర్‌కి అందేలా మధ్యలో వేస్తే స్టాండ్స్‌లోకి పోతుంది. అందకుండా పక్కకి వేస్తే బాల్ అంటారు, అవి నాలుగైతే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి నడిచిపోతాడు. ఆ నడకనే వాక్ అంటారు. మారినర్స్ పిచర్ జార్జ్ కర్బీ 2023 సీజన్‌లో 190కి పైగా ఇన్నింగ్స్ వేసి మొత్తం 19 వాక్‌లు ఇచ్చాడు. పది ఇన్నింగ్స్‌కి ఒకటి! ప్లేట్ అంచు మీద, బ్యాటర్ మోకాలి ఎత్తులో, గంటకి తొంభై అయిదు మైళ్ళ వేగంతో, మళ్ళీ మళ్ళీ అక్కడే వేయడం. ఆ నిలకడ చూడటానికే నేను టికెట్ కొంటాను.

2024 సంగతి తలుచుకుంటే ఇంకా కడుపు మండుతుంది. గిల్బర్ట్, కర్బీ, కస్తియో, మిల్లర్, వూ. అయిదుగురు స్టార్టర్లు, అంటే ఆట మొదలుపెట్టే పిచర్లు. ఆ ఏడాది మొత్తం మేజర్ లీగ్స్‌లో ఇంత గట్టి వరస ఇంకో జట్టుకి లేదు. బ్యాటర్లేమో 1,600కు పైగా స్ట్రయికౌట్లతో లీగ్స్ అన్నిటిలోనూ మొదటి స్థానం సంపాదించారు. జట్టు బ్యాటింగ్ సగటు .224. జూన్ మధ్యలో డివిజన్‌లో పది గేముల ఆధిక్యంలో ఉన్న జట్టు, చివరికి ఒక్క గేమ్ తేడాతో ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది. లోగన్ గిల్బర్ట్ ఆ సీజన్‌లో 208కి పైగా ఇన్నింగ్స్ వేశాడు, మేజర్ లీగ్స్‌లో అందరికంటే ఎక్కువ. అతని పేరు పక్కన రికార్డులో ఏముంది? 9 గెలుపులు, 12 ఓటములు.

ఈ గెలుపోటముల లెక్కను ఎవరు కనిపెట్టారో గానీ పిచర్లకు ఇంతకు మించిన అన్యాయం లేదు. క్రికెట్‌లో బౌలర్ అయిదు వికెట్లు తీశాక జట్టు ఓడిపోతే ఆ ఓటమిని అతని ఖాతాలో రాయరు. ఇక్కడ రాస్తారు. ఎనిమిది ఇన్నింగ్స్ వేసి ఒకే ఒక్క పరుగు ఇచ్చినా, మనవాళ్ళు సున్నాకి చాప చుట్టేస్తే, ఆ ఓటమి పిచర్ పేరు మీదే పడుతుంది, జీవితాంతం ఉంటుంది.

ఫెలిక్స్ హెర్నాండెజ్ పేరు ఎత్తకుండా ఈ విషయం మాట్లాడటం నావల్ల కాదు. వెనిజులా నుంచి వచ్చి, 2005లో పందొమ్మిదేళ్ళకే సియాటిల్ మౌండ్ ఎక్కాడు. 2010లో తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 2.27 పరుగులే ఇచ్చాడు. అమెరికన్ లీగ్‌లో అంతకంటే తక్కువ ఎవరూ ఇవ్వలేదు. ఆ ఏడాది మారినర్స్ 162 గేముల్లో కలిపి కొట్టింది 513 పరుగులు, గేముకి మూడు చిల్లర. 101 గేములు ఓడిపోయారు. ఫెలిక్స్ రికార్డు 13 గెలుపులు, 12 ఓటములు. 21 గెలుపులున్న సబాతియానీ, 19 ఉన్న ప్రైస్‌నీ కాదని ఓటర్లు ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఫెలిక్స్‌కి ఇచ్చినప్పుడు, ఒక్కసారన్నా లోకం సరిగ్గా చూసిందనిపించింది.

2012 ఆగస్టు 15. మన స్వాతంత్ర్య దినం, కాబట్టి తేదీ మరిచిపోయే ప్రశ్నే లేదు. ఎదురుగా టాంపా బే. ఎండ కాస్తున్న బుధవారం మధ్యాహ్నం. ఇరవై ఏడుగురు వచ్చారు, ఇరవై ఏడుగురూ వెనక్కి పోయారు. ఒక్కడు కూడా మొదటి బేస్ తొక్కలేదు. పర్ఫెక్ట్ గేమ్. మారినర్స్ చరిత్రలో అదొక్కటే. అందులో 12 స్ట్రయికౌట్లు. మరి స్కోరెంత? ఒకటి-సున్నా. మూడో ఇన్నింగ్స్‌లో మొంటేరో కొట్టిన సింగిల్‌కి బ్రెండన్ రయన్ ఇంటికొచ్చాడు, అంతే. జీవితంలో ఒక్కసారి వచ్చే అలాంటి రోజున కూడా అతనికి రెండో పరుగు ఇవ్వలేకపోయారు. ఆనాడు ఫెలిక్స్ ఒక్క బంతి తప్పు వేసి ఉంటే అటు పర్ఫెక్ట్ గేమూ పోయేది, ఇటు గెలుపూ పోయేది.

అలాంటివాడు వేరే ఊరు వెళ్ళిపోతే ఎవరైనా తప్పు పట్టేవారా? వెళ్ళలేదు. 2013లో కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టినరోజు విలేఖరుల ముందే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. 2014లో ప్లేఆఫ్స్ ఆశ చివరి రోజు దాకా నిలిచింది. ఆ రోజు మౌండ్ మీద ఉన్నదీ అతనే. ఒక్క గేమ్ తేడాతో అదీ పోయింది. 2019 వరకూ పదిహేను సీజన్లు ఒకే జట్టుకి వేసి, ఒక్క ప్లేఆఫ్ ఇన్నింగ్స్ కూడా వేయకుండా సియాటిల్ వదిలాడు. అభిమానులు మాత్రం చివరి ఆట వరకూ ఒక మూల స్టాండ్‌లో పసుపు చొక్కాలు తొడుక్కుని, చేతుల్లో స్ట్రయికౌట్‌కి గుర్తయిన ‘కె’ అక్షరం అట్టలు పట్టుకుని అతని ప్రతి స్ట్రయికౌట్‌కీ లేచి నిలబడ్డారు. సియాటిల్ బ్యాటర్ల మీద నాకు తీరని కోపం ఉందంటే అది ఫెలిక్స్ కోసమే.

ప్లేఆఫ్స్ వచ్చినప్పుడన్నా ఈ కథ మారిందా? 2022 అక్టోబర్ 15న, ఇరవై ఒక్కేళ్ళ తర్వాత సొంతగడ్డ మీద మొదటి ప్లేఆఫ్ గేమ్. హ్యూస్టన్ మీద కర్బీ ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగు ఇవ్వలేదు. తర్వాత వచ్చినవాళ్ళూ ఇవ్వలేదు. పదిహేడు ఇన్నింగ్స్ దాకా సున్నా. పద్దెనిమిదో దాంట్లో పేన్యా హోమ్‌రన్ కొట్టాడు. ఆరు గంటలకు పైగా ఆడి ఒకటి-సున్నాతో ఓడిపోయాం. పద్దెనిమిది సార్లు బ్యాట్ పట్టుకుని ఒక్క పరుగు చేయలేనివాళ్ళని వదిలేసి, ఆ ఒక్క బంతి గురించి మాట్లాడుకున్నారు జనం.

2025లో కాల్ రాలీ క్యాచర్‌గా ఉంటూనే అరవై హోమ్‌రన్లు కొట్టాడు, డివిజన్ గెలిచాం, లీగ్ ఫైనల్ ఏడో గేమ్ దాకా వెళ్ళాం. వరల్డ్ సిరీస్ ముఖం చూడని ఏకైక జట్టు అన్న పేరు చెరిగిపోవడానికి ఎనిమిది ఔట్లు మిగిలాయి. టొరంటోలో ఏడో ఇన్నింగ్స్‌లో స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. 4-3. ఆ రాత్రి శాపనార్థాలన్నీ రిలీఫ్ పిచర్‌కీ, అతన్ని పంపిన మేనేజర్‌కీ. తర్వాత ఎనిమిదో ఇన్నింగ్స్ ఉంది, తొమ్మిదోది ఉంది. ఒక్క పరుగు చేస్తే సమం. చేయలేదు. ఆ రెండు ఇన్నింగ్స్ గురించి ఎవరూ నోరెత్తలేదు.

అందుకే నేను చెప్పేదొకటే, స్కోర్‌కార్డ్ రాయడం నేర్చుకోండి. స్టేడియం తెరమీద పరుగులు మాత్రమే పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. కాగితం మీద పిచర్ చేసిన పనంతా గడిగడికీ కనిపిస్తుంది. పిచర్ ఒకటి, క్యాచర్ రెండు, ఫస్ట్ బేస్ మూడు, సెకండ్ బేస్ నాలుగు, థర్డ్ బేస్ అయిదు, షార్ట్‌స్టాప్ ఆరు, ఔట్‌ఫీల్డ్‌లో ఎడమ నుంచి కుడికి ఏడు, ఎనిమిది, తొమ్మిది. బంతి షార్ట్‌స్టాప్ అందుకుని సెకండ్ బేస్‌కి, అక్కణ్ణుంచి ఫస్ట్ బేస్‌కి వెళ్ళి ఇద్దరు ఔటయితే 6-4-3 అని రాసుకోవాలి. బ్యాటర్ ఊపి తప్పిపోయి స్ట్రయికౌట్ అయితే ‘కె’. బ్యాట్ భుజం మీదే ఉండగా, బంతిని చూస్తూ నిలబడిపోయి ఔటయితే ఆ ‘కె’ని తిరగేసి రాయాలి. ఫెలిక్స్ పర్ఫెక్ట్ గేమ్‌లో ఇరవై ఏడో బ్యాటర్ గడిలో ఉండేది తిరగేసిన ‘కె’నే. పదేళ్ళ పిల్లలు రెండు ఇన్నింగ్స్‌లో పట్టేస్తారు, ఆ తర్వాత ఫోన్ అడగరు. ఇంటినుంచి వెళ్ళేటప్పుడు పెన్సిల్, రబ్బరు తీసుకెళ్ళండి. పెన్నుతో రాయొద్దు. అధికారిక స్కోరర్ ముందు ఎర్రర్ అని చెప్పినదాన్ని కాసేపాగి హిట్‌గా మారుస్తుంటాడు.