బాండ్ వయసు, మా గడ్డం

ఇయాన్ ఫ్లెమింగ్ 1955లో రాసిన 'మూన్‌రేకర్' నవలలో గూఢచారులకి ఒక రూలుంది. 45 ఏళ్లు నిండగానే చంపే లైసెన్సు వెనక్కి తీసుకుని ఆఫీసులో కుర్చీ వేస్తారు. నవలలోని జేమ్స్ బాండ్‌కి ఇంకా ఎనిమిదేళ్ల గడువుంది. సినిమావాళ్లకి ఈ రూలుతో పని లేకపోయింది. రోజర్ మూర్ 1973లో 'లివ్ అండ్ లెట్ డై'తో బాండ్‌గా మొదలైందే 45 ఏళ్ల వయసులో. 1985లో 'ఎ వ్యూ టు ఎ కిల్'తో దిగిపోయేనాటికి 57. షాన్ కానరీ అయితే 1962 నాటి మొదటి సినిమా నుంచే విగ్గుతో నటించాడు. వయసుని దాచగలిగినంత కాలం దాచారు. దాచలేనప్పుడు మనిషినే మార్చారు.

ఇప్పుడు ఆ 45 మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. మేమంటే, ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడి పెరిగినవాళ్లం. బాండ్ ఇంగ్లీషు ఆ రెంటికీ అవతలిది. వీసీఆర్ ఒక రాత్రికి అద్దెకి తెచ్చి గల్లీ అంతా ఒకే గదిలో కూచునే జమానా అది. డైలాగుల అర్థం ఒక భాయిజాన్ చెప్పేవాడు. సగం ఆయన సొంతమేనని తర్వాత తెలిసింది. ముద్దు సీను రాగానే ఖాలా 'తౌబా తౌబా' అనేది, భాయిజాన్ చెయ్యి రిమోట్ మీదికి పోయేది. అట్లా ఎన్ని కథలు మధ్యలో తెగిపోయాయో!

1987 నాటి 'ది లివింగ్ డేలైట్స్' ఆ గదిలోనే చూశాం. అందులో అఫ్ఘాన్ ముజాహిదీన్లు బాండ్ పక్షాన సోవియట్ సైన్యంతో పోరాడతారు. వాళ్ల నాయకుడు కమ్రాన్ షా. ఆ వేషం వేసింది ఆర్ట్ మాలిక్, బహావల్‌పూర్‌లో పుట్టి లండన్‌లో పెరిగినవాడు. మా చాచాల పేర్లలాంటి పేరున్న మనిషి హీరోకి దోస్తు! చప్పట్లు కొట్టాం. ఏడేళ్లకి, 1994లో 'ట్రూ లైస్' వచ్చింది. బాండ్ సినిమా కాదు గానీ ఆ దారిలోదే. అందులో అమెరికా నగరాల మీద అణుబాంబులు పేలుస్తానని బెదిరించే టెర్రరిస్టు సలీం అబూ అజీజ్. చూస్తే అదే ఆర్ట్ మాలిక్. ఈలోగా సోవియట్ యూనియన్ కూలిపోయింది, దోస్తుతో అవసరం తీరిపోయింది. అప్పుడే మాకు మీసాలు మొలుస్తున్నాయి. బాండ్‌కి పేరు ఒకటే, ముఖాలు మారాయి. మాకు ముఖం ఒకటే, దానికి లోకం వేసే వేషం మారింది.

మావాళ్లలో వయసుకి కొలత గడ్డం. మా అబ్బాలు 40 దాటగానే గడ్డం వదిలారు, నెరిస్తే మెహందీ పెట్టారు. ఎవరినీ అడగాల్సి రాలేదు. మాకు అంత సులువు కాలేదు. 2001 తర్వాత, మక్కా మసీదులో బాంబు పేలిన 2007 తర్వాత, నల్లగడ్డం అంటే ఏమిటో మీకు కూడా చెప్పక్కర్లేదు. బస్సులో పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంటుంది. టులెట్ బోర్డు చూసి వెళ్తే, గడ్డం చూడగానే 'ఇల్లు ఇచ్చేశామండీ' అంటారు. బోర్డు మాత్రం అట్లాగే వేలాడుతుంటుంది. అదే గడ్డం తెల్లగా ఉంటే? 'కూచోండి చాచా' అని లేచి సీటిస్తారు. దువా చదివి ఊదమని పిల్లల్ని ముందుకి తోస్తారు. మనిషి అతనే, నమాజూ అదే.

అందుకే కాబోలు, బాండ్‌ని తరిమిన వయసు మాలో చాలామందికి ఊరటలా కనిపిస్తుంది. తెల్లబడేదాకా ఆగుదామని రోజూ నున్నగా గీసుకుంటున్నవాళ్లు మాలో ఉన్నారు. నవ్వులాటగా చెప్పుకుంటాం గానీ, యవ్వనమంతా ముసలితనం కోసం కాచుకోవడం ఏం జిందగీ?

ఆ సినిమాల్లో ఇప్పుడు మాకు నచ్చే మనిషి బాండ్ కాదు, ఆయుధాలు తయారుచేసే క్యూ. డెస్మండ్ లెవెలిన్ 1963 నుంచి 1999 దాకా 17 సినిమాల్లో ఆ వేషం వేశాడు. బాండ్‌లు వస్తూ పోతూ ఉంటే ఆయన అందరి కళ్లముందే నింపాదిగా ముసలివాడయ్యాడు. అట్లా ముసలివాళ్లం కావాలని మాకుంది. 'స్కైఫాల్'లో, 2012లో, డేనియల్ క్రెయిగ్ మాసి నెరిసిన గడ్డంతో గురి పరీక్ష తప్పుతాడు. 2021లో 'నో టైమ్ టు డై' చివర బాండ్‌నే చంపేశారు.

మొన్న మాలో ఒకడికి కొత్త ఊరికి బదిలీ అయింది. వెళ్లేముందు ఈసారైనా గడ్డం ఉంచుదామా అని హజ్జామ్‌ని అడిగాడు. ఆయన మూడు రోజుల గడ్డాన్ని వెలుగుకి తిప్పి చూశాడు. 'ఆధా ఆధా హై సాబ్. ఇంకో అయిదేళ్లు ఆగండి' అని నురగ రాయడం మొదలుపెట్టాడు.