సింకు గొంతులో ములక్కాడ

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గర ఆరునెలలు ఉండి వచ్చిన తల్లిదండ్రుల్ని ఎవరినైనా కదిపి చూడండి. నయాగరా గురించి నాలుగు మాటలు చెబుతారు, వంటింటి గురించి నలభై చెబుతారు. పోపు పెడితే కుయ్యోమని అరిచే పొగ అలారం, మంట కనిపించని పొయ్యి, గిన్నెలు తోమిపెట్టే మెషీను... వీటన్నిటికీ నెమ్మదిగా అలవాటు పడిపోతాం. సింకులో కాపురముండే రాకాసితో మాత్రం స్నేహం అంత తేలిగ్గా కుదరదు. దాని పేరు గార్బేజ్ డిస్పోజల్.

పైకి కనిపించేది సింకు మధ్యలో ఓ కన్నం, దానికి నల్లటి రబ్బరు రెక్కలు. అంతే. గోడ మీద స్విచ్ వేస్తే లోపల ఏదో గర్జిస్తుంది. ఎంగిలి మెతుకులు, కూర ముక్కలు క్షణంలో మాయమైపోతాయి. సింకు కింద తలుపు తీసి చూస్తే పాలక్యానంత డబ్బా వేలాడుతూ ఉంటుంది. 1927లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ అనే ఊళ్లో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్టు దీన్ని కనిపెట్టాడట. 1935లో పేటెంటు వచ్చింది, 1938లో కంపెనీ పెట్టాడు. అలాగని అమెరికా అంతా దాన్ని వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. న్యూయార్క్ నగరంలో చాలా ప్రాంతాల్లో మురుగు కాలువలు తట్టుకోలేవన్న భయంతో దీన్ని నిషేధించారు. 1997లోగానీ ఆ నిషేధం ఎత్తెయ్యలేదు.

మా అమ్మాయి ఉండేది డాలస్ దగ్గర. మేం వెళ్లిన మొదటిరోజే వాళ్లమ్మకి వంటిల్లంతా తిప్పి చూపించింది. సింకు దగ్గరికొచ్చేసరికి, "ఎంగిలంతా ఇందులో వేసెయ్యమ్మా, నమిలేస్తుంది" అంది. మా ఆవిడ పుట్టి పెరిగింది పాడి ఉన్న ఇంట్లో. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ కుడితి తొట్టిలోకి వెళ్లడం, గేదె వాటిని ఇష్టంగా తాగడం చూసిన మనిషి. "అయితే ఇది వీళ్ల కుడితి తొట్టన్నమాట" అని తీర్మానించేసింది.

ఓ ఆదివారం అల్లుడి స్నేహితులు, వాళ్ల కుటుంబాలు కలిపి పద్నాలుగు మంది భోజనానికొచ్చారు. ములక్కాడ సాంబారు, గోంగూర పచ్చడి, పులిహోర, కొబ్బరి పచ్చడి... మా ఆవిడ పొద్దున్న అయిదింటికి లేచి ఒంటిచేత్తో చేసింది. వచ్చినవాళ్లు "మా అమ్మ వంట తిన్నట్టుందండీ" అంటుంటే ఆమె మొహం వెలిగిపోయింది. భోజనాలయ్యాక పళ్లేల్లోని ఎంగిలి, నమిలి పడేసిన ములక్కాడ పిప్పి, కరివేపాకు, చింతపండు పిప్పి, గోంగూర కాడలు, మిగిలిన అన్నం... అన్నీ ఆ కన్నంలోకే వెళ్లాయి.

తెల్లారేసరికి సింకు నిండా మురికినీళ్లు. స్విచ్ వేస్తే గర్జన లేదు, 'ఊఁ...' అని ఓ మూలుగు. కాసేపటికి అదీ ఆగిపోయింది. అల్లుడు ఎవరికో ఫోన్ చేశాడు. ఎల్లుండిగానీ రాలేమన్నారు. వచ్చినందుకు నూటయాభై డాలర్లు. "పర్లేదు అత్తయ్యగారూ, ఇది మామూలే" అని ఆఫీసుకి వెళ్లిపోయాడు. మంచి కుర్రాడు, మనసులో ఏమీ పెట్టుకోడు. కానీ ఆ 'పర్లేదు' అన్న మాటే ఆమెకి గుచ్చుకుంది. నూటయాభై డాలర్లని రూపాయల్లోకి మార్చుకుంది. పన్నెండు వేలు పైనే! కూతురింటికొచ్చి అల్లుడికి ఖర్చు పెట్టించానన్న దిగులు పట్టుకుంది.

ఆరోజు ఆమె వంటింట్లోకి వెళ్లలేదు. "అమ్మాయి వచ్చి ఏదో చేస్తుందిలెండి" అంది. మధ్యాహ్నం పెరుగన్నం తిని, పళ్లెంలో ఒక్క మెతుకైనా లేకుండా వేలితో తుడిచి, నీళ్లు పోసుకుని తాగేసింది. చేతికి తగిలిన కరివేపాకు రెబ్బని కాగితంలో చుట్టి దాచింది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను... వంటింట్లో ఆమె అలా అతిథిలా నిలబడటం అదే మొదలు. నాకు ప్రాణం ఉసూరుమంది.

సింకు సంగతి నాకు తెలియకపోవచ్చుగానీ ఆ మూలుగు మాత్రం బాగా తెలుసు. మా పొలంలో అయిదు హార్స్‌పవర్ మోటారు ఉండేది. పంపులో ఒండ్రు ఇరుక్కుని పట్టేసినా, త్రీఫేజులో ఓ ఫేజు పోయినా సరిగ్గా ఇలాగే మూలిగేది. అప్పుడు గబుక్కున స్టార్టరు కట్టెయ్యాలి. లేకపోతే వైండింగు కాలిపోతుంది. స్టార్టరు దానంతటదే పడిపోతే అది పాడైనట్టు కాదు, మోటారుని కాపాడినట్టు. ఇక్కడా జరిగింది అదేనని నాకు తోచింది. మూలిగిందంటే మోటారుకి ప్రాణం ఉంది. తిరగడానికే ఏదో అడ్డొచ్చింది.

"ఇలా రా, టార్చి పట్టుకో" అని పిలిచాను. "అమ్మో, నేను దాని జోలికి రాను" అంది. అయినా వచ్చింది.

ముందు గోడ స్విచ్ కట్టేసి, సింకు కింద ప్లగ్గు కూడా పీకేశాను. కరెంటు తీసేసినా సరే అందులో చెయ్యి పెట్టకూడదు. ఇది మాత్రం రాసిపెట్టుకోవాల్సిన మాట. నీళ్లు మగ్గుతో తోడేసి, రబ్బరు రెక్కలు పక్కకి నెట్టి టార్చి వేస్తే లోపల సంగతి తెలిసింది. అందరూ అనుకున్నట్టు అందులో కత్తులుండవు. అడుగున గుండ్రంగా తిరిగే పళ్లెం, దాని మీద అటూ ఇటూ ఊగే రెండు లోహపు దిమ్మెలు, చుట్టూ పళ్లున్న ఉక్కు వలయం. పళ్లెం గిర్రున తిరిగితే ఎంగిలంతా అంచుకి విసిరినట్టు వెళ్లి, ఆ పళ్లకి రాసుకుని నూరుడవుతుంది. అంటే ఇది మిక్సీ కంటే తిరగలికే దగ్గర చుట్టం! తిరగలిలో గింజలు పోస్తే పిండవుతాయి. కొబ్బరిపీచు పోస్తే? ఇరుసుకి చుట్టుకుంటుంది. లోపల సరిగ్గా అదే జరిగింది. ములక్కాడ పిప్పి, గోంగూర కాడలు కలిసి తాడులా పేనుకుపోయాయి.

పట్టకారుతో ఒక్కో పోగూ లాగాను. డబ్బా అడుగున సరిగ్గా మధ్యలో ఆరు పలకల చిన్న కన్నం ఉంటుంది. పావు అంగుళం ఎలెన్ కీ అందులో పెట్టి అటూ ఇటూ తిప్పాలి. అల్లుడి పనిముట్ల పెట్టెలో దొరికింది. నేను కింద పట్టులేక అవస్థ పడుతుంటే, "జరగండి" అని మా ఆవిడే కూర్చుని తిప్పింది. రుబ్బురోలు తిప్పిన చెయ్యి కదా! నాలుగు తిప్పులకి 'టక్'మని వదిలింది. ఆ అడుగునే ఓ ఎర్ర మీట కూడా ఉంటుంది. మన స్టార్టరులో రీసెట్ లాంటిదన్నమాట. అది నొక్కి, ప్లగ్గు పెట్టి, చన్నీళ్లు వదిలి స్విచ్ వేస్తే... గర్జించింది! ఆ శబ్దానికి భయపడకుండా ఆమె నవ్వడం కూడా అదే మొదలు.

కానీ నీళ్లు దిగలేదు. దవడ బాగుపడింది, గొంతు పట్టేసే ఉందన్నమాట. సింకు కింద గొట్టం ఇంగ్లీషు 'యు' అక్షరంలా వంపు తిరిగి ఉంటుంది. డ్రైనేజీ వాసన పైకి రాకుండా ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలబడాలి. అన్నం ఎంత మెత్తగా నలిగినా దాని గంజి జిగురై ఆ వంపులోనే పేరుకుంటుంది. నూనె తోడైతే మరీ గట్టి. కింద బకెట్ పెట్టి, వంపు గొట్టానికి రెండు వైపులా ఉన్న ప్లాస్టిక్ నట్లు విప్పాం. మైదా జిగురులాంటి ముద్ద పడింది. కడిగి బిగించేసరికి నీళ్లు గలగలా దిగిపోయాయి.

సాయంత్రం అల్లుడు వచ్చి సింకు చూసి ఆశ్చర్యపోయాడు. "ఎవరు చేశారు మావయ్యగారూ?" అన్నాడు. "మీ అత్తయ్యే" అన్నాను. అబద్ధం కాదుగా! ప్లంబరు రావక్కర్లేదని అతను ఫోన్ చేస్తుంటే, ఆమె రాత్రికి పప్పుచారు పెట్టడానికి లేచింది.

తర్వాత ఆ ఇంట్లో నియమాలన్నీ ఆవిడవే. పీచున్నదేదీ సింకులోకి వెళ్లకూడదు. ములక్కాడ, అరటి తొక్క, ఉల్లిపొట్టు, మొక్కజొన్న పొత్తు ఆకు, చింతపండు పిప్పి, కొబ్బరిపీచు అన్నీ చెత్తబుట్టకే. అన్నం, నూనె, నెయ్యి, మామిడి టెంకె, ఎముకలు కూడా అంతే. మిగిలిన మెత్తని ఎంగిలి మాత్రం కొద్దికొద్దిగా వెయ్యాలి. ముందు నీళ్లు, తర్వాత స్విచ్. నమలడం అయ్యాక కూడా పావు నిమిషం నీళ్లు పోనివ్వాలి. అవీ చన్నీళ్లే. వేడినీళ్లు పోస్తే కొవ్వు కరిగి, ముందుకెళ్లి గొట్టంలో గడ్డకడుతుంది. వాసనొస్తే నాలుగు ఐసు ముక్కలు, ఓ నిమ్మచెక్క. రబ్బరు రెక్కల అడుగుభాగాన్ని వారానికోసారి బ్రష్‌తో తోమాలి. మురికంతా అక్కడే దాక్కుంటుంది.

ఒక్క సంగతి నాకు బాగా అర్థమైంది. ఆ యంత్రం తప్పు లేదు, మా ఆవిడ తప్పూ లేదు. పాలల్లో నానిన అటుకుల్లాంటి వాళ్ల పొద్దుటి ఎంగిలి వేరు, మన విస్తరి ఎంగిలి వేరు. అమ్మానాన్నల్ని పిలిపించుకునే పిల్లలు విమానం టిక్కెట్టు, ఇన్సూరెన్సు, ఊలు స్వెట్టరు అన్నీ గుర్తుపెట్టుకుంటారు. ఆ జాబితాలో ఇంకోటి చేర్చండి. వంటింట్లో ఏ యంత్రం ఏం తింటుందో, ఏది తినదో, ఆగిపోతే ఏం చెయ్యాలో ఓ గంట కూర్చుని చూపించండి. 'పర్లేదులే' అనడం కంటే, అదే వాళ్లకి మీరిచ్చే గౌరవం. తెలియని యంత్రం ముందు పెద్దవాళ్లు చుట్టాలైపోతారు. తెలిస్తే ఆ ఇల్లు వాళ్లది కూడా అవుతుంది.

మేం తిరిగొచ్చేసి ఏడాదవుతోంది. మొన్నో తెల్లవారుజామున అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, సింకు మళ్లీ మూలుగుతోందే!" మా ఆవిడ కళ్లయినా పూర్తిగా తెరవలేదు. "స్విచ్ కట్టెయ్. కంగారుపడకు. ప్లగ్గు పీకు. టార్చి ఎక్కడుంది?" అంటూ మొదలుపెట్టింది.

ఫోన్లో అల్లుడి గొంతు వినిపించింది. "టార్చి నేను పట్టుకున్నానండీ అత్తయ్యగారూ, తర్వాతేం చెయ్యాలో చెప్పండి."