మా ఊళ్లో చెట్టు నూనె, కాకినాడలో సముద్రం నూనె

సత్తుపల్లి దాటి అశ్వారావుపేట వైపు బస్సులో వస్తుంటే రోడ్డు పక్కన ఎటు చూసినా పామాయిల్ తోటలే. కోసిన గెలలు ఎంత త్వరగా ఫ్యాక్టరీకి చేరితే నూనె అంత బాగుంటుంది. ఆగితే పాడవుతుంది.

మా తమ్ముడు పనిచేసేది ఇంకో నూనెతో. కాకినాడ తీరానికి దూరంగా, కృష్ణా-గోదావరి బేసిన్‌లోని 98/2 బ్లాక్‌లో ఓఎన్‌జీసీ 2024 జనవరి 7న ముడిచమురు తీయడం మొదలుపెట్టింది. వాడి డ్యూటీ ఆ సముద్రంలోనే, ఓడ మీద.

ఆ చమురులో మైనం ఎక్కువ. చలికాలం పొద్దున్నే మన డబ్బాలో పామాయిల్ గడ్డకట్టదూ? సముద్రం అడుగు చల్లదనానికి అదీ అంతే, గొట్టంలో పేరుకుంటుంది. అందుకే గొట్టంలో గొట్టం పెట్టారు, ఫ్లాస్కులాగా వేడి పోకుండా.

"అంత లోతుకి నువ్వు దిగుతావా నాయనా?" అని అమ్మ భయం.

"వెయ్యి మీటర్ల లోతులో ఒత్తిడి ఇక్కడికి వంద రెట్లమ్మా, మనిషి దిగలేడు. పైనుంచి కేబుల్‌తో రోబోని నడుపుతాం. బావి మూతి మీద వాల్వుల సెట్టు ఉంటుంది, దాన్నీ చెట్టనే అంటాం" అన్నాడు వాడు.

అమ్మ భయం సగం తగ్గింది. మిగతా సగం తుఫాన్లది. నవంబర్ వస్తే తోటలో వాన సంగతి వదిలేసి, టీవీలో బంగాళాఖాతం చూస్తూ కూర్చుంటుంది.