బోర్డు పద్దులో వెబ్‌సైటు

వెబ్‌సైటు పెట్టుకోవాలనుకున్నాక ముందు తేలాల్సింది దాని ఖర్చు ఏ పద్దులో రాయాలన్నది. దుకాణదారైతే ప్రకటనల పద్దులో రాసుకుని, ఎంత పెడితే ఎంత బేరం వచ్చిందో లెక్క చూసుకుంటాడు. వకీలుకు ఆ వెసులుబాటు లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 36వది మాకు ప్రకటనలను నిషేధించింది. కరపత్రాలు పంచకూడదు, దళారుల్ని పెట్టుకోకూడదు, వాదించిన కేసు పేరు చెప్పి పేపర్లో ఫొటో వేయించుకోకూడదు. ఆఫీసు ముందు బోర్డు కూడా తగుమాత్రం సైజులోనే ఉండాలి. ఫలానా రకం కేసుల్లో దిట్ట అని దాని మీద రాసుకోకూడదు.

2008లో ఈ నిబంధనను సవరించి వెబ్‌సైటుకు దారి ఇచ్చారు. బార్ కౌన్సిల్‌కు తెలియజేసి, వాళ్ళు ఒప్పుకున్న వివరాలే పెట్టాలి. పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, దాని తేదీ, రాష్ట్ర బార్ కౌన్సిల్ పేరు, సభ్యత్వమున్న బార్ అసోసియేషన్ పేరు, చదువు, చూసే కేసుల రకాలు. ఇవన్నీ నిజమేనని చివర ఒక ధ్రువీకరణ. అంతకు మించి ఏది చేర్చినా నిబంధన మీరినట్టే.

అంటే మా వెబ్‌సైటు ఆఫీసు ముందు వేలాడే బోర్డుకు అన్నదమ్ముడు. ఆ ఖర్చును బోర్డు పద్దులోనే రాశాను. తర్వాత తీసుకున్న డబ్బు నిర్ణయాలన్నీ ఆ ఒక్క రాత నుంచే వచ్చాయి. బోర్డు కక్షిదారుల్ని తీసుకురాదు. మన పేరు విని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు ఇదే ఇల్లని చెబుతుంది. దానికి ఎవరూ లక్షలు పోయరు.

మరి ఆ బోర్డైనా ఎందుకు? నాది భీమవరంలో సివిల్ ప్రాక్టీసు. చుట్టూ చేపల చెరువులు, వరి చేలు. అన్నదమ్ముల పంపకాలు, చెరువుల లీజులు, గట్ల తగాదాలు. ఇరవై ఏళ్ళ కిందట ఈ కేసుల్లో అందరూ ఊళ్ళోనే ఉండేవారు. ఇప్పుడు ఒక వాటాదారు ఉండిలో ఉంటే, ఇంకొకరు హైదరాబాదులో, మూడోవారు డల్లాస్‌లో ఉంటున్నారు. ఉండిలో ఉన్న మేనమామ నా పేరు చెబుతాడు. డల్లాస్‌లో ఉన్న మేనకోడలు ఆ పేరును ఫోనులో కొట్టి చూస్తుంది. అలా కొట్టినప్పుడు నా పేరు కింద ఏదో లిస్టింగు సైటులో ఎవరిదో ఫోను నంబరు, నేను ఎన్నడూ చూడని క్రిమినల్ కేసుల జాబితా కనిపించేవి. నేనడిగి పెట్టించినవి కావవి. వకీళ్ళ సేవల్ని సరుకుల్లా జాబితా కట్టే ఇలాంటి వేదికల మీద చర్యలు తీసుకోమని 2024 జూలైలో మద్రాసు హైకోర్టు బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. ఆ చర్యలు నా దాకా వచ్చేలోగా, నా గురించి సరైన సంగతి ఒక్కచోటైనా ఉండాలి కదా.

మా గుమస్తాగారికి ఇది రుచించలేదు. "ఆయ్, మనకెందుకండీ అయ్యన్నీ? రిక్షా ఎక్కి మీ పేరు చెబితే గుమ్మంలో దింపుతాడు" అన్నారు. డల్లాస్ నుంచి రిక్షా రాదు కదండీ అన్నాను. నవ్వారు గాని, "ఎంతవుద్దేంటండీ?" అని అసలు ప్రశ్న ఆయనే అడిగారు.

విజయవాడ సంస్థ ఒకటి 85 వేలు చెప్పింది. దాని మీద 18 శాతం జీఎస్టీ 15,300 కలిపితే 1,00,300. రెండో ఏడాది నుంచి నిర్వహణకు 25 వేలు, దాని మీద మళ్ళీ జీఎస్టీ. జీఎస్టీలో నమోదైన వ్యాపారి ఆ పన్నును క్రెడిట్‌గా వెనక్కి రాబట్టుకుంటాడు. నాకు జీఎస్టీ నమోదు లేదు కాబట్టి కొటేషన్‌లో పన్నుకు ముందున్న అంకె నాకు ధరే కాదు. చిన్న ప్రాక్టీసువాళ్ళు ఏ కొటేషనైనా అడుగు వరస నుంచి పైకి చదవాలి.

ఆ సంస్థ నుంచి వచ్చిన కుర్రవాడు మాటకారి. "ఖర్చు చూపిస్తే మీకు ఇన్‌కమ్ టాక్స్ తగ్గుతుంది కదా మేడమ్" అన్నాడు. నాకు తగ్గదు. నేను రిటర్ను వేసేది 1961 ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ సెక్షన్‌గా ఉన్న పద్ధతిలో. ఏడాది వసూళ్ళు 50 లక్షలు దాటని వకీళ్ళు, డాక్టర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్ల వంటివాళ్ళు వసూళ్ళలో సగాన్ని లాభంగా చూపి పన్ను కట్టే పద్ధతి అది. నగదు వసూళ్ళు 5 శాతం మించకపోతే ఆ హద్దు 75 లక్షలు. మిగిలిన సగం ఖర్చుల కిందే పోయినట్టు లెక్క. నేను వెబ్‌సైటుకు లక్ష పెట్టినా, అసలేమీ పెట్టకపోయినా కట్టే పన్ను మారదు. కాబట్టి ఆ లక్ష పూర్తిగా నా జేబులోదే. పుస్తకాలు రాసి అసలు ఖర్చులు చూపించేవాళ్ళ సంగతి వేరు. తాము ఏ పద్ధతిలో ఉన్నారో తెలుసుకోకుండా పన్ను మిగులుతుందన్న మాటకు తల ఊపకూడదు.

కొటేషన్‌లో ఇంకొక వరస నెలకు 12 వేల ప్యాకేజీ. గూగుల్‌లో మొదటి పేజీలోకి తెస్తారట. ఏడాదికి 1,44,000. "భీమవరంలో మంచి సివిల్ లాయర్" అని వెతికితే నేను రావాలని డబ్బు కట్టడమంటే పని కోసం గాలం వేయడమే. నిబంధన ఒప్పుకోదు. నిబంధన పక్కన పెట్టి డబ్బు కోణంలోనే చూసినా అది అనవసరం. నా దగ్గరకు వచ్చేవాళ్ళు నా పేరుతోనే వెతుకుతారు. సొంత పేరు, ఊరి పేరు కలిపి కొడితే సొంత సైటు పైకి రావడం కష్టమేమీ కాదు. ఆ వరస కొట్టేశాను.

అదే చేత్తో ఇంకొన్ని కొట్టేశాను. ఫొటో షూటు, కక్షిదారుల ప్రశంసలు, గెలిచిన కేసుల పట్టిక, నెలనెలా వ్యాసాలు. ఏవీ అనుమతించిన జాబితాలో లేవు. నమూనా పేజీ పైభాగంలో జడ్జిగారి సుత్తి బొమ్మ ఉంది. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఏ జడ్జిగారూ సుత్తి కొట్టగా నేను చూడలేదు. అది సినిమా కోర్టుల సామాను. దాన్ని తీసేయడానికి ఖర్చు లేదు కాబట్టి ముందు దాన్నే తీయించాను.

చివరికి మిగిలింది ఒక్క పేజీ, అదే తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. ఇక ఏది సొంతానికి కొనాలి, ఏది అద్దెకు తీసుకోవాలి అన్నది తేల్చాను. సొంతం కావలసింది డొమైను, అంటే సైటు పేరు. దాన్ని కట్టించేవాళ్ళ ఖాతాలో కాకుండా నా ఖాతాలో, నా ఫోను నంబరు మీద నేనే కొన్నాను. కట్టేవాడి పేరు మీద ఉంటే, రేపు అతనితో పొసగకపోతే మన పేరు అతని చేతిలో ఉండిపోతుంది. పొలం కాగితాలు చూసే వృత్తిలో ఉండి టైటిలు ఎవరి పేరున ఉందో చూసుకోకపోతే ఎలా? ఆ ఖాతాకు ఇచ్చిన ఈమెయిలు కూడా వేరేది. అదే డొమైను మీద నడిచే ఈమెయిలు ఇస్తే, గడువు దాటి డొమైను ఆగిన రోజున మెయిలూ ఆగుతుంది, హెచ్చరిక మనకు చేరదు.

డొమైను ధర దగ్గర ఒక మెలిక ఉంది. పెద్ద అక్షరాల్లో మొదటి ఏడాది రాయితీ ధర కనిపిస్తుంది. రెండో ఏడాది నుంచి పడేది అసలు ధర. నేను చూసింది ఆ రెన్యూవల్ ధరనే. డాట్ ఇన్ తీసుకున్నాను. ఐదేళ్ళకు ఒకేసారి, పన్నుతో కలిపి 4,700 కట్టాను. ఏటేటా కార్డు నుంచి దానంతటదే పోయే ఏర్పాటును నమ్ముకోలేదు. కార్డు గడువు మారుతుంది, బ్యాంకు అనుమతి అడుగుతుంది, ఆ మెసేజి వచ్చే వేళకు నేను కోర్టు హాల్లో ఉంటాను.

పేజీని మా ఊరి కుర్రాడే తొమ్మిది వేలకు కట్టాడు. వర్డ్‌ప్రెస్ వద్దన్నాను. 2003 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేరే అది, మంచిదే. రోజూ కొత్త సంగతులు పెట్టేవాళ్ళకు పనికొస్తుంది. కానీ దాన్ని, దాని ప్లగిన్లను అప్‌డేట్ చేస్తూ ఉండాలి. లేకపోతే ఎవడో చొరబడతాడు. ఏటా 25 వేల నిర్వహణ ఖర్చు పుట్టేది అక్కడే. మారని పేజీకి డేటాబేసు అక్కర్లేదు. మామూలు హెచ్‌టీఎంఎల్ చాలు. భద్రత సర్టిఫికెట్‌కు ఏడాదికి 3,500 అని విజయవాడ కొటేషన్‌లో ఉంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని 2015 చివరి నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. సర్వరు అద్దె ఏడాదికి 1,500. సొంత డొమైను మీద రెండు ఈమెయిళ్ళు, నాకొకటి, ఆఫీసుకొకటి, కలిపి ఏడాదికి మరో 1,500.

తెలుగు పేజీ దగ్గర అనుకోని పని తగిలింది. కోర్టు సెంటర్లో డీటీపీ చేసేవాళ్ళు చాలామంది ఇప్పటికీ అనూ ఫాంట్లలోనే కొడతారు. దావా ప్రింటు తీయడానికి అది బాగానే ఉంటుంది. దాన్ని వెబ్ పేజీలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, వెతికితే దొరకదు. మొత్తం యూనికోడ్‌లో మళ్ళీ కొట్టించాను. 600 అయింది. వాడిన ఫాంటు పేరు మండలి. తెలుగు ప్రముఖుల పేర్లతో సిలికానాంధ్ర వెలువరించిన ఉచిత ఫాంట్లలో ఒకటి. అమెరికా తెలుగువాళ్ళ సంస్థ ఇచ్చిన అక్షరాలతోనే అమెరికా తెలుగువాళ్ళు నా చిరునామా చదువుకుంటున్నారు.

"మీ సమస్య ఇక్కడ రాయండి" అనే ఫారం మాత్రం ఎంత చెప్పినా పెట్టించలేదు. ఊరు చిన్నది. అన్న వకాలతు నా దగ్గర ఉండగా, ఆ సంగతి తెలియక తమ్ముడు తన రహస్యాలన్నీ ఆ ఫారంలో రాసి పంపితే? వచ్చింది చదివాక చదవలేదని ఎలా అంటాను? కక్షిదారు వకీలుకు చెప్పిన మాటకు 2023 భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆ మాటను ఎవరిదో సర్వరు మీద పడేయడం నాకు ఇష్టం లేదు. అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చూసినా, సేకరించని సమాచారానికి జవాబు చెప్పుకోనక్కర్లేదు. అందుకే ఫోను, ఈమెయిలు, అంతే. ముందు ఇరుపక్షాల పేర్లు మాత్రం అడుగుతాం. మాకు అడ్డం లేదనుకున్నాకే కాగితాలు.

గూగుల్ మ్యాపులో ఆఫీసు గుర్తింపు ఉచితం. వీధి, బోర్డు, గది కనిపించేలా ఫోనుతో వీడియో తీసి పంపితే సరిపోయింది. వెరిఫికేషన్‌కు డబ్బు కట్టమని వచ్చే ఫోన్లు మోసం. అక్కడ నక్షత్రాలివ్వమని నేనెవర్నీ అడగను. ఓడిపోయిన అవతలి పార్టీ కూడా అక్కడ ఒక నక్షత్రం ఇచ్చి పోగలడు. సివిల్ వకీలు మీద వచ్చే రివ్యూలో అది సహజం.

ఇక ఐదేళ్ళ లెక్క. డొమైను 4,700. సర్వరు 7,500. మెయిలు 7,500. కట్టినందుకు, కొట్టినందుకు 9,600. మొత్తం 29,300. విజయవాడ కొటేషన్ ప్రకారమైతే మొదట 1,00,300, తర్వాత నాలుగేళ్ళు ఏటా 29,500 చొప్పున 1,18,000, కలిపి 2,18,300. నెలవారీ ప్యాకేజీ ఇందులో లేదు. తేడా 1,89,000. నెలకు పంచితే 3,150.

ఈ మిగులుకు పద్దు నేనే పెట్టాను. నా జూనియర్‌కు ఇచ్చే స్టైపెండుకు ఆ మొత్తం కలిపాను. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు తగ్గకుండా ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సిఫారసు చేసింది. మా వైపు చాలా ఆఫీసుల్లో అది ఇంకా దూరపు మాటే. నేనూ ఆ అంకె దగ్గరకు మెల్లగానే జరుగుతున్నాను. ఇది దానం లెక్కలో చేసింది కాదు. ఆఫీసు మెయిలు చూసేది ఆ అమ్మాయే. అమెరికాలో రాత్రి పంపిన మెయిలుకు వాళ్ళు నిద్ర లేచేలోగా జవాబు వెళుతుంది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, ఇంటి సభ్యుల ధ్రువపత్రం, ఏవి పంపాలో జాబితా వెళుతుంది. అక్కడ రాసిన పవరాఫ్ అటార్నీ ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలని స్టాంపుల చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. ఆ సంగతి కాగితం పోస్టులో వేయకముందే వాళ్ళకు తెలుస్తుంది. ఈ జాబితాలను సైటులో పెట్టలేను కానీ, అడిగినవాళ్ళకు పంపడానికి ఏ అడ్డూ లేదు.

సైటు వల్ల ఎన్ని కేసులొచ్చాయని తోటి వకీళ్ళు అడుగుతుంటారు. వచ్చినవాళ్ళంతా ఎవరో చెప్పగా వచ్చినవాళ్ళే, కాబట్టి సైటు ఖాతాలో ఒక్క కేసూ రాయలేను. ఫీజులు ఇప్పుడిప్పుడే మొదలైన జూనియర్లు అడిగితే మాత్రం సొంత పేరు మీద డొమైను, ఒక మెయిలు ఈ నెలే కొనుక్కోమంటాను. రెండూ కలిపి ఏడాదికి రెండు వేలు దాటవు. మిగతా పేజీలూ హంగులూ ఆగినా ఫరవాలేదు. ఆ మెయిలుకు వచ్చే ఉత్తరానికి అదే రోజు జవాబిచ్చే మనిషి ఎవరో తేలాకే వాటి మీద రూపాయి పెట్టాలి.