పెరటి పొయ్యి

తెలుగు నుడికారంలో పొయ్యికి దక్కిన స్థానం చిన్నది కాదు. ఇంట వంటకు దిక్కులేని దుఃస్థితిని ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అని చెబుతారు. నిప్పు రాజని పొయ్యిలో మెత్తని బూడిదను వెతుక్కొని పిల్లి పడుకొంటుంది. మంట పెడితేనే అది లేస్తుంది. పైకి శాంతంగా కనిపించే ఆగ్రహాన్ని ‘నివురుగప్పిన నిప్పు’తో పోలుస్తారు. ఈ పలుకుబడులు పండితుల గ్రంథాలలో పుట్టినవి కావు. పెరటిలో పొయ్యి ముందు కూర్చున్నవారి అనుభవంలోనుండి పుట్టినవి.

పెరటి వంటకు మూడు రాళ్లు చాలు. మూడు బిందువులపై నిలిచిన పాత్ర ఎగుడుదిగుడు నేలమీదనైనా తొణకదు. పెళ్లి వంటి శుభకార్యాలకు మాత్రం గాడిపొయ్యి తవ్వుతారు. గాలివాటు చూసి పొడవుగా గాడి తీసి, దానిపై వరుసగా గుండిగలు నిలుపుతారు. గాడి గోడలు గాలికి మంటను చెదరనీయక, వేడిని పాత్రల అడుగుకే చేరుస్తాయి.

కట్టెల పొయ్యికి మీట ఉండదు. కట్టెను లోపలికి నెడితే మంట పెరుగుతుంది. వెనుకకు లాగితే తగ్గుతుంది. పచ్చికట్టె తనలోని తడిని ఆవిరి చేయడానికే వేడిని వ్యయపరచి, వండేవారికి పొగను మిగులుస్తుంది. కొబ్బరిమట్ట భగ్గున మండి చల్లారుతుంది. తుమ్మకట్టె నిదానంగా కాలి, నిలకడైన నిప్పులనిస్తుంది. ఎసరు మరగడానికి మంట కావాలి. వార్చిన అన్నం మగ్గడానికి నిప్పుల సెగ చాలు. గిన్నె అడుగున మట్టిపూత పూసి పొయ్యి ఎక్కించడంలోనూ వివేకం ఉంది. మసి ఆ పూతకు పట్టి, తోమేటప్పుడు దానితోపాటే పోతుంది.

వంట ముగిసిన తరువాత నివురులో కప్పిపెట్టిన చిలగడదుంప రుచి పిల్లలకు బాగా తెలుసు. దుంపలోని ఎంజైము పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. వేడి మెల్లగా ఎక్కినకొద్దీ ఆ ఎంజైము పనిచేయడానికి వ్యవధి దొరుకుతుంది. వేడి మరీ పెరిగితే అది నశిస్తుంది. నివురు నేర్పిన ఆ నిదానమే దుంపకు అంతటి తీపిని ఇస్తుంది.

మన సాహిత్యం పాకకళకు పురుషులనే ఆదర్శంగా నిలిపింది. నలుని వంట ప్రసిద్ధం. విరాటుని కొలువులో భీముడు వలలుడనే పేరుతో వంటశాలలో చేరాడు. అందుచేతనే కమ్మని భోజనాన్ని నలభీమపాకమని మెచ్చుకొంటారు. కాని నిత్యజీవితంలో పొయ్యి ముందు కూర్చొని, కళ్లనీళ్లు తుడుచుకొంటూ గొట్టంతో ఊదినది స్త్రీ. ఆమె పేరు ఏ సామెతలోనూ లేదు. ఇళ్లలో వంట ఇంధనాల వలన కలిగే వాయుకాలుష్యం 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మరణాలకు కారణమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. ఆరుబయట కొంత పొగ గాలిలో కలిసిపోవచ్చు. ఊదేవారి ముఖానికి మాత్రం అది దూరం కాదు.

పేద కుటుంబాలకు వంటగ్యాసు అందించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో ఉజ్జ్వల పథకం ప్రారంభమైనాయి. అయినా సిలిండరు ఖర్చుకు వెనుకాడి, పెరటి పొయ్యిని విడువలేని ఇళ్లు నేటికీ ఉన్నాయి.

కార్తికమాసపు వనభోజనాలలో ఉసిరిచెట్టు చెంత రాజేసిన పొయ్యి అందరికీ ఆనందాన్నిస్తుంది. అక్కడ కట్టెలు తెచ్చేవారు ఒకరు, కూరలు తరిగేవారు ఒకరు, మంట చూసేవారు మరొకరు. శ్రమ పదిమందికీ పంచబడుతుంది గనుక అది వేడుక అవుతుంది. అదే పొయ్యి గత్యంతరం లేక రెండు పూటలా ఒక్కరే ఊదవలసివస్తే బరువు అవుతుంది. పెరటి పొయ్యి రుచిని మెచ్చుకొనేవారు, దాని పొగను ఎవరు పీలుస్తున్నారో కూడా గమనించాలి. ఆ వంటకు చెల్లించదగిన నిజమైన గౌరవం అదే.