పాపాయి ఏడుపు వినడానికి యంత్రమా?

పసిబిడ్డ ఏడుపు వినడానికి కూడా ఒక యంత్రం కొనాలా అని మీరు నవ్వుకోవచ్చు. నిజమే! మన అమ్మల కాలంలో నట్టింట్లో ఉయ్యాల వేలాడేది, చుట్టూ పదిమంది మనుషులుండేవారు. ఇప్పుడు మేడమీద బాలింత గది, కింద వంటిల్లు, మధ్యలో సిమెంటు శ్లాబు. గ్రైండర్ తిరుగుతూ, కుక్కర్ కూత పెడుతూ ఉంటే పైన బిడ్డ గుక్కపట్టినా మనకేం వినిపిస్తుంది చెప్పండి?

ఈ బేబీ మానిటర్ అన్నది కొత్త వస్తువేం కాదు. అమెరికాలో జెనిత్ కంపెనీవారు 1937 లోనే 'రేడియో నర్స్' అనే పేరుతో తయారుచేశారు. దాని రూపం తీర్చింది ఇసాము నొగూచి అనే శిల్పి. 1932లో అక్కడి విమాన వీరుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎవరో ఎత్తుకుపోయిన తర్వాత పుట్టిన ఆలోచన అది. అంటే ఈ వస్తువుకి మూలం కన్నవారి భయమే నన్నమాట!

మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు మా ఇంట్లోనూ ఈ ప్రసక్తి వచ్చింది. బెంగుళూరు నుంచి అల్లుడుగారు ఫోన్ చేసి, "అత్తయ్యా, వైఫై కెమెరా పంపిస్తాను, ఉయ్యాలకి ఎదురుగా పెట్టించండి. నేనూ ఇక్కడినుంచి చూసుకుంటాను, మా అమ్మా చూసుకుంటుంది" అన్నారు. బిడ్డని వదిలి దూరంగా ఉన్న తండ్రి, ఆయన ముచ్చట నాకు తెలియనిదా? కానీ మా అమ్మాయి మొహం చిన్నబోయింది. రాత్రి నా పక్కన కూర్చుని, "అమ్మా, నేను పాలిచ్చేది, చీర మార్చుకునేది ఆ గదిలోనే కదా. ఎవరు ఎప్పుడు చూస్తున్నారో తెలియకుండా రోజంతా ఎలా ఉండను?" అంది. బిడ్డకి కాపలా పెట్టబోయి తల్లికి కాపలా పెడుతున్నామేమో అనిపించింది నాకు.

అందుకే కొనేముందు అసలు ఈ తీగలేని యంత్రాలు ఎన్ని రకాలో, ఏది ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నాను. మీకూ పనికొస్తుందని చెబుతున్నాను.

మొదటిది పాతకాలపు అనలాగ్ రకం. ఇది చిన్న రేడియో లాంటిది. చవకే కానీ, పక్కింట్లోనూ అలాంటిదే ఉండి ఛానల్ కలిసిందంటే మన గదిలో మాటలు వాళ్ళకి వినిపిస్తాయి. ఎవరైనా పాతది ఇస్తామన్నా వద్దనండి.

రెండోది 2.4 గిగాహెర్ట్‌జ్ డిజిటల్ రకం. పెట్టె మీద ఎఫ్.హెచ్.ఎస్.ఎస్. అని ఉంటుంది. ఇది ఒకే ఛానల్‌లో నిలబడదు. తొక్కుడు బిళ్ళ ఆడే పిల్లలా గడి గడికీ గెంతుతూ ఉంటుంది. ఏ గడి తర్వాత ఏ గడో దాని జోడీకి మాత్రమే తెలుసు కాబట్టి ఇతరులు వినడం కష్టం. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. అయితే మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇంచుమించు అవే తరంగాలు వాడుతుంది గనుక, రిసీవరును ఓవెన్ పక్కన పెడితే గరగరమంటుంది.

మూడోది డెక్ట్ రకం. కార్డ్‌లెస్ ఫోన్ల పద్ధతే ఇది. ఎక్కువగా శబ్దం మాత్రమే వినిపించే వాటిలో ఉంటుంది. మాట స్పష్టంగా ఉంటుంది, ఓవెన్‌తో, వైఫైతో తగాదా లేదు. కానీ అమెరికా నుంచి చుట్టాలు తెచ్చేవాటితో జాగ్రత్త! అక్కడి డెక్ట్ 1920 నుంచి 1930 మెగాహెర్ట్‌జ్‌లో పనిచేస్తుంది. మన దేశంలో ఆ తరంగాలు సెల్‌ఫోన్ కంపెనీలకి ఇచ్చినవి. పైగా ఛార్జరు మీద 100-240 వోల్టులని రాసి ఉందో లేదో చూడకుండా మన ప్లగ్గులో పెట్టకండి, కాలిపోగలదు.

నాలుగోది వైఫై రకం. ఎంత దూరాన ఉన్నా ఫోన్‌లో చూడవచ్చు, అదే దీని సుఖం. కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది, రౌటర్ ఆగితే బిడ్డ కనబడదు. కాబట్టి కెమెరానీ, రౌటర్‌నీ ఇన్వర్టర్ మీద పెట్టించుకోవాలి. కంపెనీవాడిచ్చిన పాస్‌వర్డ్‌ని మొదటిరోజే మార్చాలి. రెండంచెల తనిఖీ సౌకర్యం ఉంటే పెట్టుకోవాలి. లేకపోతే మన గది పరాయివాళ్ళ కంటపడే ప్రమాదముంది.

ఇవన్నీ తూచుకుని మేము 2.4 రకంలో నెట్ లేనిది, శబ్దం మాత్రమే వినిపించేది తీసుకున్నాము. అల్లుడుగారికి నేనే చెప్పాను: "బాబూ, రోజూ రాత్రి ఎనిమిదింటికి అమ్మాయే మీకు వీడియో కాల్ చేసి పాపని చూపిస్తుంది. గదిలో మాత్రం కన్ను వద్దు, చెవి చాలు" అని. మొదట కాస్త నొచ్చుకున్నారు. రెండు రోజులయ్యాక తనే ఫోన్ చేసి, "నాకు తట్టలేదత్తయ్యా" అన్నారు. మా అమ్మాయి ఆ రోజు హాయిగా నిద్రపోయింది.

కొన్న తర్వాత పరీక్ష చేసుకోండి. పెట్టె మీద 300 మీటర్లని రాసినా అది ఆరుబయట లెక్క. గోడలూ శ్లాబులూ అడ్డొస్తే బాగా తగ్గిపోతుంది. మా ఇంట్లో వంటింట్లోకి చక్కగా వినిపిస్తుంది, పెరట్లో బట్టలుతికే బండ దగ్గర మాత్రం వినిపించదు. ఆ సంగతి తెలుసు కాబట్టి ఉతికేటప్పుడు పాప దగ్గర ఇంకొకరం ఉంటాము. యంత్రం తీగ ఉయ్యాలకి కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. పసిచేతికి అందితే మెడకి చుట్టుకునే ప్రమాదం.

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, దుకాణంలో ధర అడిగేముందు ఇంట్లో రెండు ప్రశ్నలు వేసుకోండి. వినేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారా, ఊరు దాటి ఉన్నారా? ఆ గదిలో ఉండే బాలింతకి ఏది ఇష్టం? ఈ రెండోది అడగడం మనం తరచు మరిచిపోతాం. బిడ్డ నోరు తెరిచి ఏడుస్తుంది, తల్లి మాత్రం చాలాసార్లు నోరు మూసుకునే ఏడుస్తుంది. దాన్ని వినిపించే యంత్రం ఏ కంపెనీవాడూ చేయలేదు. అది వినవలసింది మనమే, ఏమంటారు?